గొంతులో గొట్టం దిగనప్పుడు: మత్తు వైద్యంపై పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకే విషయం చుట్టూ తిరిగాయి. పూర్తి మత్తు ఇచ్చినప్పుడు ఊపిరి అందించడానికి శ్వాసనాళంలో వేసే గొట్టం కొందరికి ఎందుకు సులువుగా దిగదు, దిగనప్పుడు మత్తు డాక్టర్లు ఏం చేస్తారు, ఈ మధ్య పరిశోధనల్లో కొత్తగా తేలిందేమిటి అన్నవే ఆ ప్రశ్నలు. వాటిలో సగానికి పైగా నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు నుంచి రావడం నాకు ఆశ్చర్యం కలిగించలేదు. కారణం మొదటి జవాబులోనే తెలుస్తుంది. ఉత్తరాలను కుదించాం, పేర్లు తీసేశాం.

ప్రశ్న (మర్రిగూడ మండలం నుంచి): డాక్టరు గారూ, మా బాపుకు 64 ఏళ్లు. చిన్నప్పటి నుంచి ఊరి బోరు నీళ్లే తాగిన మనిషి; నడుము వంగదు, మెడ తిరగదు. పోయిన ఏడాది గడప దగ్గర జారిపడి తుంటి బొక్క విరిగింది. దగ్గరి పట్టణంలోని దవాఖానలో వెన్నుకు మత్తు సూది ఇవ్వడానికి అరగంట ప్రయత్నించి, సూది దిగడం లేదన్నారు. పూర్తి మత్తు ఇవ్వమని అడిగితే, ఈ మెడతో గొట్టం వేయడం ప్రమాదమని చెప్పి హైదరాబాద్‌కు పంపారు. అక్కడ ఆపరేషన్ బాగానే జరిగింది. మొదటి దవాఖానవాళ్లు చేతకాక పంపారా, బాధ్యత తప్పించుకోవడానికి పంపారా?

జవాబు: మీరు రాసిన వివరాలను బట్టి చూస్తే వాళ్లు తప్పించుకున్నట్టు నాకు అనిపించడం లేదు, ఆగవలసిన చోట ఆగారు. దీన్ని కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మీ బాపు వంటి వారు మీ మండలంలో ఇంకా చాలామంది ఉన్నారు.

పూర్తి మత్తులో రోగి కండరాలు సడలిపోతాయి, ఊపిరి తీసుకునే పని ఆగిపోతుంది. ఆ పనిని యంత్రం చేయాలంటే నోటి ద్వారా స్వరతంత్రుల మధ్య నుంచి శ్వాసనాళంలోకి ఒక గొట్టం వేయాలి. డాక్టరుకు స్వరతంత్రులు కంటికి కనిపించాలంటే రోగి తల కింద దిండు పెట్టి, మెడను ముందుకు వంచి, తలను వెనక్కి వాల్చాలి. అప్పుడే నోరు, గొంతు, స్వరపేటిక దాదాపు ఒకే వరుసలోకి వస్తాయి. ఎముకలకు పాకిన ఫ్లోరోసిస్‌లో (తాగునీటిలో ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే జబ్బు ఇది) వెన్నుపూసలను కట్టి ఉంచే స్నాయువులు సున్నం పట్టి గట్టిపడతాయి, పూసల అంచుల్లో ఎముక ముళ్లు పెరుగుతాయి, మెడ ఒక కర్రలాగా అయిపోతుంది. అలాంటి మెడను మత్తులో బలవంతంగా వెనక్కి వాల్చితే గొట్టం దిగకపోవడం అటుంచి, ఇరుకైన వెన్ను కాలువలో వెన్నుపాము నలిగే ప్రమాదం ఉంటుంది. పక్కటెముకల కీళ్లు కూడా బిగుసుకుని ఉంటాయి కాబట్టి ఛాతీ సరిగా విచ్చుకోదు, ఊపిరితిత్తుల్లో ఆక్సిజన్ నిల్వ తక్కువగా ఉంటుంది. అంటే గొట్టం వేయడానికి డాక్టరుకు దొరికే వ్యవధి కూడా తగ్గుతుంది.

వెన్నుకు సూది ఇవ్వాలన్నా ఇదే అడ్డు వస్తుంది. సూది దూరవలసిన స్నాయువులే ఎముకలా మారి ఉంటాయి. మామూలుగా ఒక దారి కష్టమైతే మత్తు డాక్టరు రెండో దారి పడతారు. ఫ్లోరోసిస్ రోగిలో ఆ రెండు దారులూ ఒకేసారి ఇరుకవుతాయి.

హైదరాబాద్‌లో ఏ పద్ధతి వాడారో మీ ఉత్తరంలో లేదు. ఇలాంటి వారికి ఎక్కువ భద్రమైన పద్ధతి రోగి మెలకువగా ఉండగానే గొట్టం వేయడం. వినడానికి భయంగా ఉంటుంది గానీ, ముక్కు, గొంతు, స్వరపేటిక పూర్తిగా మొద్దుబారేలా లిగ్నోకెయిన్ మందు కొట్టి, భయం తగ్గడానికి కొద్దిపాటి మత్తు ఇచ్చి, సన్నటి వంగే కెమెరా గొట్టాన్ని ముక్కులోంచి పంపి, దాని మీదుగా అసలు గొట్టాన్ని జారవిడుస్తారు. అంతసేపూ రోగి తన ఊపిరి తానే తీసుకుంటూ ఉంటాడు, మెడను కదిలించవలసిన పని ఉండదు. దీనికి మొదటి మెట్టు 1967లో పడింది. ఇంగ్లండ్‌లో పీటర్ మర్ఫీ అనే వైద్యుడు కీళ్లు బిగుసుకున్న ఒక రోగికి పిత్తనాళాలను చూసే వంగే స్కోప్‌ను ముక్కులోంచి పంపి గొట్టం వేశారు. ఇప్పటి పరిశోధన ఇంకొక మాట కూడా చెబుతోంది. నోరు బాగా తెరుచుకునే రోగి అయితే, మెలకువగా ఉండగానే వీడియో లారింగోస్కోప్‌తో (గొంతులోకి చూడడానికి వాడే, చివర కెమెరా ఉన్న పలకతో) గొట్టం వేసినా సఫలత వంగే స్కోప్‌తో సమానంగానే ఉంటుందని, సమయం మాత్రం తక్కువ పడుతుందని కొన్ని అధ్యయనాలను కలిపి చూసిన విశ్లేషణలో తేలింది. వంగే స్కోప్ లేని జిల్లా ఆసుపత్రులకు ఇది పనికొచ్చే సంగతి. తుంటి దగ్గరి నరాలకు అల్ట్రాసౌండ్ సాయంతో మత్తు సూదులు ఇచ్చి నొప్పి తగ్గించే పద్ధతి కూడా వ్యాపిస్తోంది. అయితే తుంటి ఆపరేషన్ అంతటినీ దానితోనే నడిపించడం అందరికీ కుదరదు.

తాగునీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడ్ ఉండకూడదన్నది పరిమితి. పటిక, సున్నం కలిపి నీటిలోని ఫ్లోరైడ్‌ను దించే విధానాన్ని నాగపూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన) సంస్థ రూపొందించి దానికి మీ జిల్లా పేరే పెట్టింది. 'నల్లగొండ టెక్నిక్' అన్న మాట ఆఫ్రికా దేశాల నీటి ఇంజినీర్లకు కూడా తెలుసు. ఒక జిల్లా పేరు శాస్త్రంలోకి ఈ రూపంలో ఎక్కడం నాకెప్పుడూ మనసుకు కష్టంగానే ఉంటుంది. కృష్ణా నీళ్లు వచ్చాక, తరువాత మిషన్ భగీరథ నల్లాలు వచ్చాక పిల్లల పళ్లు తెల్లబడ్డాయి గానీ, అప్పటికే సున్నం పట్టిన పెద్దల బొక్కలు తిరిగి మెత్తబడవు. అంటే ఇంకొక ఇరవై, ముప్పై ఏళ్లపాటు ఈ మెడలు మా ఆపరేషన్ బల్లల మీదికి వస్తూనే ఉంటాయి. ఆపరేషన్ ముందుగా తెలిసినదైతే, వారం ముందే మత్తు డాక్టరును కలిసి మెడ ఎక్స్‌రే తీయించుకోవడం మంచిది.

ప్రశ్న (మహబూబ్‌నగర్ నుంచి): మా తమ్ముడికి 31 ఏళ్లు. పదేళ్లుగా గుట్కా, తంబాకు నములుతున్నాడు. ఇప్పుడు నోట్లో రెండు వేళ్లు కూడా పట్టడం లేదు. అపెండిక్స్ ఆపరేషన్‌కు వెళ్తే ముందు నోరు చూసి డాక్టర్లు కంగారుపడ్డారు. మత్తు ఇచ్చాక దవడ దానంతటదే వదులవుతుంది కదా, ఇంత కంగారు ఎందుకు?

జవాబు: ఈ ప్రశ్నలో ఉన్న పొరపాటే కొన్నిసార్లు ప్రాణం మీదికి తెస్తుంది. పంటి చీముతోనో నొప్పితోనో దవడ కండరాలు బిగుసుకుని నోరు తెరుచుకోకపోతే, మత్తు ఎక్కాక ఆ కండరాలు చాలావరకు వదులవుతాయి. మీ తమ్ముడిది అది కాదు. గుట్కాలో ఉండే వక్కలోని పదార్థాలు ఏళ్ల తరబడి తగిలి బుగ్గల లోపలి పొర కింద నారలాంటి పట్టీలు పేరుకున్నాయి. అద్దం ముందు నిలబడి బుగ్గ లోపల వేలితో తడిమితే తాళ్లలా తగులుతాయి, రంగు పాలిపోయి ఉంటుంది. ఏ మత్తుమందుకూ ఆ నార సాగదు. మెలకువలో ఒకటిన్నర వేలు పట్టే నోరు, మత్తులోనూ ఒకటిన్నర వేలే పడుతుంది. అప్పటికి ఊపిరి ఆగి ఉంటుంది, లారింగోస్కోప్ దూరదు, గొంతులో కూర్చోబెట్టే మాస్కు కూడా దూరదు.

మామూలు పెద్దమనిషి తన మూడు వేళ్లను నిలువుగా పేర్చి పళ్ల మధ్య పెట్టుకోగలగాలి; అది సుమారు 4 సెంటీమీటర్లు. రెండు వేళ్లకు దిగినవారికి చాలా సందర్భాల్లో మెలకువలోనే ముక్కు ద్వారా వంగే స్కోప్‌తో గొట్టం వేయవలసి వస్తుంది. అపెండిక్స్ వంటి పొట్ట ఆపరేషన్‌కు వెన్నుకు సూది ఇచ్చే వీలుంటే మొదట అది ఆలోచిస్తారు, కానీ అది చాలకపోతే ఏం చేయాలో ముందే సిద్ధం చేసుకుని మరీ ఇస్తారు. వాళ్లు కంగారుపడ్డారని మీరు రాశారు. నా లెక్కలో అది కంగారు కాదు, లెక్క వేసుకోవడం. గుట్కా మానేస్తే ఈ నార ఇంకా పెరగకుండా ఆగవచ్చు, నోటి క్యాన్సర్ ముప్పు తగ్గుతుంది. నోరు మాత్రం పూర్తిగా మునుపటిలా తెరుచుకోవడం అరుదు. అందుకని మానేశాక కూడా ప్రతి ఆపరేషన్‌కు ముందు ఈ సంగతి చెప్పాలి.

ప్రశ్న (నల్లగొండలో వైద్య విద్య చదువుతున్న విద్యార్థిని): మల్లంపాటి పరీక్షను మాకు పాఠంగా చెప్పారు. ఆయన తెలుగువారేనా? ఇంత సులువైన పరీక్ష ఉండగా, గొట్టం దిగదన్న సంగతి మత్తు ఇచ్చాకే తెలిసిందని డాక్టర్లు అంటుంటారు. పరీక్ష చేయకనా, పరీక్షలోనే లోపమా?

జవాబు: అవునమ్మా, తెలుగువారే. శేషగిరిరావు మల్లంపాటి గారు గుంటూరు జిల్లాలో పుట్టి, గుంటూరు వైద్య కళాశాలలో చదివి, బోస్టన్‌లోని బ్రిగమ్ అండ్ విమెన్స్ ఆసుపత్రిలో మత్తు వైద్యుడిగా పనిచేశారు. నాలుక వెనుక భాగం గొంతును ఎంతగా కప్పేస్తే స్వరపేటికను చూడడం అంత కష్టమవుతుందన్న ఊహను ఆయన 1983లో ఒక చిన్న లేఖగా రాసి, 1985లో 210 మంది రోగులను పరిశీలించి వ్యాసంగా ప్రచురించారు. రోగిని కూర్చోబెట్టి, నోరు పూర్తిగా తెరిచి నాలుక బయటపెట్టమని చెప్పి, కొండనాలుక, మెత్తటి అంగిలి, పక్క స్తంభాలు ఎంతవరకు కనిపిస్తున్నాయో చూసి మూడు తరగతులుగా విభజించారు. 1987లో శాంసూన్, యంగ్ అనే ఇద్దరు నాలుగో తరగతిని చేర్చారు. 'ఆ' అనమని అడగకూడదు, అంటే అంగిలి పైకి లేచి తరగతి మారిపోతుంది. వార్డులో ఈ పొరపాటు రోజూ చూస్తుంటాను, అందుకే మీకు రాస్తున్నాను.

ఇక పరీక్షలో లోపమా అన్న ప్రశ్న. డెన్మార్క్ దేశంలో మత్తు వివరాలన్నీ నమోదయ్యే జాబితా నుంచి 1,88,064 మంది రోగులను తీసుకుని 2015లో ఒక అధ్యయనం ప్రచురించారు. గొట్టం వేయడం కష్టమైన వారు 3,391 మంది. వారిలో 93 శాతం మందికి కష్టమవుతుందని ఎవరూ ముందుగా అనుకోలేదు. కష్టమవుతుందని ముందే రాసిపెట్టిన వారిలో నాలుగింట ఒక వంతుకు మాత్రమే నిజంగా కష్టమైంది. తరువాత 2018లో కోక్రేన్ సంస్థ 133 అధ్యయనాలను ఒకచోట చేర్చి ఇటువంటి పడక పక్క పరీక్షలన్నింటినీ పోల్చింది. వాటిలో మెరుగైనదిగా తేలింది పై పెదవిని కింది పళ్లతో కొరకమనే పరీక్ష. అది కూడా కష్టమైన మూడింట రెండు కేసులను మాత్రమే పట్టుకోగలిగింది. మల్లంపాటి పరీక్ష సగం దగ్గర ఆగింది.

దీనికి కారణం లెక్కలో ఉంది. మీ పక్కనే ఉన్న పాలమూరులో నడి ఎండాకాలంలో 'ఈ రోజు వాన పడదు' అని రోజూ చెప్పే మనిషి దాదాపు ప్రతిరోజూ నెగ్గుతాడు, కానీ వాన పడిన ఒక్క రోజున కల్లంలోని ధాన్యం తడిసిపోతుంది. అరుదుగా జరిగేదాన్ని ముందుగా పసిగట్టే పరీక్ష ఎంత బాగున్నా, అది 'భయం లేదు' అన్న మాటను నమ్మి చేతులు ముడుచుకుంటే ఆ ఒక్క రోజున దెబ్బ తింటాం. ఈ ఇరవై ఏళ్లలో పరిశోధన దారి మళ్లింది ఇక్కడే. ఎవరికి కష్టమో ముందే కనిపెట్టడం మీద కన్నా, ఎవరికి కష్టమైనా తట్టుకునేలా ప్రతి రోగికీ సిద్ధంగా ఉండడం మీద ఎక్కువ పని జరుగుతోంది. అలాగని పరీక్ష చేయడం మానకండి. మెడ, నోరు, దవడ, గొంతు వాపు, పాత ఆపరేషన్ కాగితాలు, వీటన్నింటినీ కలిపి చూసే అలవాటు వచ్చేది ఆ పరీక్షల వల్లనే.

ప్రశ్న (దేవరకొండ నుంచి): మా ప్రాంతంలోని ఒక చిన్న ఆసుపత్రికి వీడియో లారింగోస్కోప్ కొనివ్వడానికి ఒక దాత ముందుకు వచ్చారు. అది నిజంగా అవసరమా, ఆ డబ్బుతో ఇంకేమైనా కొంటే మేలా? సలహా సంఘంలో నేను ఒకణ్ని. వైద్యం తెలిసినవాణ్ని కాదు.

జవాబు: ఇలా అడిగి కొనేవారు తక్కువ. మీ దాత గారికి నా నమస్కారాలు చెప్పండి.

మామూలు లారింగోస్కోప్ అంటే చివర దీపం ఉన్న వంపు తిరిగిన లోహపు పలక. ఇప్పటికీ ఎక్కువగా వాడేది రాబర్ట్ మెకింటాష్ 1943లో రూపొందించిన పలకే. దానితో డాక్టరు తన కంటితో నేరుగా స్వరతంత్రులను చూడాలి. వీడియో లారింగోస్కోప్‌లో పలక చివరనే కెమెరా ఉంటుంది, బొమ్మ తెర మీద పడుతుంది. మలుపు అవతల ఉన్నది కూడా కనిపిస్తుంది. కెనడాకు చెందిన జాన్ పేసీ అనే శస్త్రచికిత్సకుడు 2001 ప్రాంతంలో గ్లైడ్‌స్కోప్ పేరుతో దీన్ని వాడుకలోకి తెచ్చారు. మొదట్లో దీన్ని కష్టమైన రోగుల కోసం దాచి ఉంచేవారు. కోక్రేన్ సంస్థ 2022లో 222 అధ్యయనాలను, 26,149 మందిని కలిపి చూసి, వీడియో వాడినప్పుడు గొట్టం వేయలేకపోవడం తగ్గుతుందని, మొదటి ప్రయత్నంలోనే పని అయ్యే అవకాశం పెరుగుతుందని తేల్చింది. అమెరికాలో అత్యవసర విభాగాల్లో, ఐసీయూల్లో 1,417 మంది మీద జరిగి 2023లో వెలువడిన ప్రయోగంలో మొదటి ప్రయత్నం సఫలం అయినది వీడియోతో 85.1 శాతం, మామూలు పలకతో 70.8 శాతం. అక్కడ గొట్టం వేసినవారిలో ఎక్కువమంది శిక్షణలో ఉన్న డాక్టర్లన్నది గుర్తుంచుకోవాలి. క్లీవ్‌లాండ్ క్లినిక్‌లో 8,429 ఆపరేషన్ల మీద చేసి 2024లో ప్రచురించిన అధ్యయనంలో ఒకటికి మించి ప్రయత్నాలు అవసరమైనవి వీడియోతో 1.7 శాతం, మామూలు పలకతో 7.6 శాతం.

కాబట్టి కొనడం మంచిదే. అయితే కొనేముందు మీ ఆసుపత్రిలో కాప్నోగ్రాఫ్ ఉందా అని అడగండి. రోగి వదిలే గాలిలో బొగ్గుపులుసు వాయువు ఉందో లేదో గీత రూపంలో చూపించే పరికరం అది. గొట్టం శ్వాసనాళానికి బదులు పక్కనే ఉన్న అన్నవాహికలోకి పోతే, ఆ గీత లేవదు. స్టెతస్కోప్ మోసం చేయగలదు, ఛాతీ కదలిక మోసం చేయగలదు. వరుసగా వచ్చే ఆ గీత మోసం చేయదు. బ్రిటన్‌లో 2011లో వెలువడిన నాలుగో జాతీయ పరిశీలన ప్రకారం ఐసీయూల్లో శ్వాసమార్గపు ప్రమాదాల వల్ల జరిగిన మరణాల్లో, మెదడు దెబ్బతిన్న కేసుల్లో నాలుగింట మూడు వంతులకు దగ్గరగా కాప్నోగ్రాఫ్ వాడకపోవడం గానీ, దాన్ని సరిగా చదవలేకపోవడం గానీ ఒక కారణంగా ఉంది. నా చేతిలో ఉంటే మొదటి రూపాయి దానికి, రెండోది వీడియోకు పెడతాను.

బూజీ అనే సన్నటి పొడవాటి పుల్లను కూడా చేర్చండి, ఖర్చు చాలా తక్కువ. దాన్ని ముందు శ్వాసనాళంలోకి పంపి, దాని మీదుగా గొట్టాన్ని జార్చుతారు. దీని మీద పరిశోధన కథ ఆసక్తికరంగా ఉంటుంది. 2018లో మినియాపొలిస్‌లోని ఒక ఆసుపత్రి అత్యవసర విభాగంలో 757 మంది మీద ప్రయోగం చేస్తే, కష్టమనిపించిన రోగుల్లో మొదటి ప్రయత్నపు సఫలత బూజీతో 96 శాతం, లోపల తీగ పెట్టిన మామూలు గొట్టంతో 82 శాతం అని వచ్చింది. అందరూ సంబరపడ్డారు. 2021లో అనేక ఆసుపత్రుల్లో 1,102 మంది మీద మళ్లీ చేస్తే 80.4 శాతం, 83 శాతం వచ్చాయి, అంటే తేడా లేదు. మొదటి ఆసుపత్రి డాక్టర్లు ఏళ్లుగా బూజీతోనే పనిచేసి చేయి తిరిగినవారు. పరికరం ఒక్కటే పని చేయదు, దాన్ని పట్టుకునే చెయ్యి కూడా అలవాటు పడాలి. మీరు కొనబోయే వీడియో పరికరం కూడా అంతే. అల్మారాలో తాళం వేసి 'కష్టమైన కేసు వస్తే తీద్దాం' అంటే, ఆ కేసు వచ్చిన రోజున బ్యాటరీ ఉండదు, వాడిన అనుభవమూ ఉండదు. రోజువారీ కేసులకూ వాడతామని మాట తీసుకున్నాకే ఇవ్వండి. ఇంకొక సంగతి, తెర మీద స్వరతంత్రులు చక్కగా కనిపిస్తున్నా గొట్టం మలుపు తిరగక మొరాయించడం దీనితో ఉన్న చిక్కు. రక్తం, వాంతి ఉంటే కెమెరా మసకబారుతుంది. అందుకని పాత పలకతో వేసే నేర్పును వదులుకోకూడదు.

ప్రశ్న (నాగర్‌కర్నూల్ నుంచి): మత్తు ఇచ్చే ముందు మూడు నాలుగు నిమిషాలు మాస్కు పెట్టి ఊపిరి పీల్చమన్నారు. నాకు ఊపిరి ఇబ్బందేమీ లేదే, ఎందుకు?

జవాబు: మీ ఊపిరితిత్తుల్లో మామూలుగా ఎక్కువ భాగం నత్రజని ఉంటుంది. మాస్కుతో స్వచ్ఛమైన ఆక్సిజన్ మూడు నిమిషాలు పీలిస్తే ఆ నత్రజని బయటికి పోయి ఆ చోటంతా ఆక్సిజన్ నిండుతుంది. అప్పుడు ఊపిరి ఆగిన తరువాత ఆరోగ్యవంతుడైన పెద్దమనిషి ఒకటి రెండు నిమిషాలకు బదులు ఏడెనిమిది నిమిషాలు తట్టుకోగలడు. లావుగా ఉన్నవారిలో, గర్భిణుల్లో, జ్వరంతో ఉన్నవారిలో ఈ వ్యవధి బాగా తగ్గుతుంది. గొట్టం వేస్తున్నంతసేపూ ముక్కులోకి ఆక్సిజన్ వదులుతూ ఉండడం కూడా ఇప్పుడు అలవాటవుతోంది. 2015లో లండన్ వైద్యులు 25 మంది కష్టమైన రోగుల్లో తేమ కలిపిన ఆక్సిజన్‌ను ముక్కులోకి నిమిషానికి 70 లీటర్ల వేగంతో పంపి, ఊపిరి లేకుండానే సగం మందిని 14 నిమిషాలు, అంతకు మించి సురక్షితంగా ఉంచగలిగారు. ఐసీయూ రోగులకు మాస్కు బిగించి ఒత్తిడితో ఆక్సిజన్ ఇచ్చే పద్ధతి మీద 1,301 మందితో ఒక ప్రయోగం చేసి 2024లో ఫలితాలు ప్రచురించారు. గొట్టం వేసేటప్పుడు ఆక్సిజన్ బాగా పడిపోవడం మామూలు మాస్కుతో 18.5 శాతం మందిలో జరిగితే, ఈ పద్ధతిలో 9.1 శాతానికి తగ్గింది. మాస్కు బిగువుగా పెట్టినప్పుడు ఉక్కిరిబిక్కిరిగా అనిపిస్తుంది, నిజమే. దాన్ని పక్కకు నెట్టకుండా నిదానంగా, లోతుగా పీల్చండి.

ప్రశ్న (మిర్యాలగూడ నుంచి): ఊగే పన్ను ఉంటే చెప్పాలా? కట్టుడు పళ్లు తీసేయాలా?

జవాబు: తప్పకుండా చెప్పాలి, ఊడిన పన్ను ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. కట్టుడు పళ్ల సంగతి మత్తు డాక్టరునే అడగండి. సాధారణంగా తీయిస్తారు గానీ, బుగ్గలు లోపలికి పోయిన వృద్ధుల్లో మాస్కు సరిగా అతకడానికి చివరి నిమిషం దాకా ఉంచమనే డాక్టర్లు కూడా ఉన్నారు.

ప్రశ్న (జడ్చర్ల నుంచి): హైవే మీద ప్రమాదంలో మా అన్న కొడుకుకు దవడ, ముఖం పగిలిపోయాయి. ఒక దవాఖానకు తీసుకెళ్తే, మాకు ఒక మాట కూడా చెప్పకుండా మెడ ముందు కోసి గొట్టం పెట్టారు. పిల్లవాడు బతికాడు, ఇప్పుడు బాగున్నాడు, కానీ మెడ మీద మచ్చ ఉంది. అడగకుండా కోయవచ్చా?

జవాబు: మీ బాధ అర్థమైంది. బయట నిలబడిన వారికి ఆ పదిహేను నిమిషాలు ఎలా గడుస్తాయో నేను చూశాను. కానీ ఆ కోత పెట్టవలసిన క్షణంలో మిమ్మల్ని పిలిచి మాట్లాడేంత వ్యవధి లేదు. గొట్టం దిగక, మాస్కుతో గాలి పంపలేక ఉన్న స్థితిలో ఆక్సిజన్ లేని మెదడు కొద్ది నిమిషాలకు మించి తట్టుకోదు. కంఠముడికి కొంచెం కింద వేలితో తడిమితే చిన్న గుంట తగులుతుంది. ఆ పొర చర్మానికి అతి దగ్గరగా ఉంటుంది. అక్కడ కోసి, బూజీ పంపి, దాని మీదుగా చిన్న గొట్టం పెట్టడమే చివరి దారి. ప్రాణం పోయే అత్యవసరంలో అనుమతి కోసం ఆగకుండా చికిత్స చేయడాన్ని చట్టం కూడా ఒప్పుకుంటుంది. పని అయ్యాక బయటికి వచ్చి మీతో కూర్చుని చెప్పకపోవడం మాత్రం తప్పే.

ఈ విషయంలో పరిశోధన తేల్చినది డాక్టర్లకు కొంచెం ఇబ్బందికరమైన నిజం. చాలా మరణాల్లో కోత చేతకాకపోవడం కన్నా, కోయాలని నిర్ణయించుకోవడంలో ఆలస్యమే ఎక్కువ కీడు చేసింది. 2005లో ఇంగ్లండ్‌లో ముక్కు సైనస్ ఆపరేషన్‌కు వెళ్లిన ఒక గృహిణికి మత్తు ఇచ్చాక గొట్టం దిగలేదు, గాలీ పోలేదు. అనుభవజ్ఞులైన డాక్టర్లు ఉండి కూడా మళ్లీ మళ్లీ గొట్టం వేయడానికే ప్రయత్నించారు. నర్సు మెడ కోసే సామగ్రి తెచ్చి చూపినా ఎవరి చూపూ అటు పోలేదు. ఆమె బతకలేదు. విమానాలు నడిపే ఆమె భర్త ఎవరి మీదా కోపం పెట్టుకోకుండా, విమానం నడిపే బృందాలు ప్రమాదంలో ఎలా మాట్లాడుకుంటాయో వైద్యులకు నేర్పించే పనికి పూనుకున్నారు. ఆ తరువాతనే 'ఇన్ని ప్రయత్నాలకు మించి వద్దు, అందరికీ వినపడేలా చెప్పి తరువాతి మెట్టుకు వెళ్లు' అన్న నియమం బలపడింది. మన దేశంలో అఖిల భారత డిఫికల్ట్ ఎయిర్‌వే అసోసియేషన్ 2016లో ఇచ్చిన మార్గదర్శకాల్లోనూ ఇదే సారాంశం. ముక్కులోకి ఆక్సిజన్ ఆపకూడదు, ఆక్సిజన్ 95 శాతానికి తగ్గితే మరో ప్రయత్నానికి దిగకూడదు, మొదట గొట్టం, తరువాత గొంతులో కూర్చునే మాస్కు, తరువాత ముఖానికి మాస్కు, ఏదీ కుదరకపోతే మెడ. పైన చెప్పిన బ్రిటన్ పరిశీలనలో సూదితో చేసిన రంధ్రాలు పదింట ఆరు విఫలమయ్యాయి. అందుకే ఇప్పుడు అక్కడి మార్గదర్శకాలు సూదిని పక్కనపెట్టి కత్తినే వాడమంటున్నాయి.

మచ్చ సంగతి చెవి, ముక్కు, గొంతు వైద్యుడికి చూపించండి. గొంతు బొంగురు, మెట్లు ఎక్కితే ఈల లాంటి శబ్దం ఉంటే ఆలస్యం చేయకండి.

ప్రశ్న (సూర్యాపేట నుంచి): ఫోన్‌లో ఫొటో తీస్తే కృత్రిమ మేధ ఇవన్నీ ముందే చెప్పేస్తుందని విన్నాం. నిజమా?

జవాబు: ముఖం, మెడ ఫొటోలను కంప్యూటరుకు నేర్పించి కష్టాన్ని అంచనా వేయించే అధ్యయనాలు జరుగుతున్నాయి, ఫలితాలు ఆశ పుట్టించేలాగే ఉన్నాయి. అయితే చాలావాటిలో రోగులు కొన్ని వందల మందే, అదీ ఒకే ఆసుపత్రివారు. జపాన్ ముఖాల మీద నేర్చుకున్న లెక్క మర్రిగూడ మెడను, పాలమూరు గుట్కా నోటిని ఎలా చదువుతుందో మనవారి మీద పరీక్షించి చూడాలి. అల్ట్రాసౌండ్ మాత్రం ఇప్పటికే చేతికి వచ్చింది. లావైన మెడల్లో కోయవలసిన చోటును మత్తుకు ముందే గుర్తుపెట్టుకోవడానికి అది బాగా ఉపయోగపడుతోంది.

ప్రశ్న (వనపర్తి నుంచి): నా భార్యకు పిత్తాశయం రాళ్ల ఆపరేషన్ అయ్యాక, 'గొట్టం వేయడం కష్టమైంది, ఇకముందు ఏ ఆపరేషన్ అయినా ఈ కాగితం చూపించండి' అని డాక్టరు ఒక ఉత్తరం ఇచ్చారు. అందులో అంతకుమించి ఏమీ లేదు. ఇది చాలునా?

జవాబు: ఉత్తరం ఇచ్చినందుకే ఆ డాక్టరును మెచ్చుకోవాలి, చాలామంది ఇవ్వరు. కష్టం అవుతుందని ముందుగా తెలిపే వాటిలో పాత అనుభవం కన్నా గట్టి సాక్ష్యం మరొకటి లేదు. అయితే 'కష్టమైంది' అన్న ఒక్క మాటతో రాబోయే డాక్టరు భయపడగలరు గానీ, సిద్ధం కాలేరు. మీరు మళ్లీ ఆయన దగ్గరికి వెళ్లి కొన్ని వివరాలు రాయించుకోండి. మాస్కుతో గాలి సులువుగా పోయిందా లేదా అన్నది అన్నింటికన్నా ముఖ్యం, ఎందుకంటే గాలి పోతే వ్యవధి ఉంటుంది, పోకపోతే ఉండదు. తరువాత స్వరతంత్రులు ఎంతవరకు కనిపించాయి, ఎన్ని ప్రయత్నాలు పట్టాయి, చివరికి ఏ పరికరంతో, ఏ సైజు గొట్టంతో పని అయింది, ఆ రోజు ఆమె బరువు ఎంత, తేదీ ఏమిటి అన్నవి. వీలైతే ఇంగ్లీషులో, పెద్ద అక్షరాల్లో రాయించండి. అత్యవసరంలో చదివేది తెలుగు రాని డాక్టరు కావచ్చు.

ఆ కాగితాన్ని బీరువాలో దాచకండి. ఫొటో తీసి మీ ఫోన్‌లో, ఆమె ఫోన్‌లో, పెద్ద పిల్లల ఫోన్లలో పెట్టండి. అసలు కాగితాన్ని ఆధార్, ఆరోగ్యశ్రీ కార్డులతో పాటు ఉంచండి. పన్ను తీయించుకోవడం వంటి చిన్న పనికి వెళ్లినా మత్తు మాట వస్తే చూపించండి. ఆమెకు ఇంకా కాన్పులు ఉండే వయసైతే, ఏడో నెల లోపే మత్తు డాక్టరు ఎప్పుడూ అందుబాటులో ఉండే ఆసుపత్రిని ఎంచుకుని, మొదటిసారి చూపించుకోవడానికి వెళ్లిన రోజే ఈ కాగితాన్ని వారి కేసు షీటుకు జత చేయించండి.